బీజమా, క్షేత్రమా?

మనుస్మృతి నవమాధ్యాయమున బీజము గొప్పదా, క్షేత్రము గొప్పదా యను విచారణ యొకటి కలదు. స్త్రీ క్షేత్రమనియు, పురుషుడు బీజమనియు స్మృతికారుడు నిర్ణయించి, ఒకచో బీజమును, ఒకచో క్షేత్రమును మెచ్చి, తుదకు బీజమునకే ప్రాధాన్యమిచ్చెను. పొలములో ఏ విత్తు చల్లిన ఆ మొక్కయే మొలచును గదా యని యాతని దృష్టాంతము. మాటలు కృషికునివైనను, దృష్టి మాత్రము సంతానముపైనను, సంతానము నెవరి సొత్తుగా నెంచవలెనను తగవుపైనను నున్నది. దృష్టాంతము నొకమారు పొలమున నిలిపి పరీక్షించుట యాతని పని కాదు. ఆ పరీక్షను మఱికొందఱు, వేఱొక ఖండమున, బహుకాలమునకు బిమ్మట చేసిరి. వారికి మనుస్మృతితో బనిలేదు. వారడిగిన ప్రశ్న మాత్రము అదియే. ఆ పరీక్షల చరిత్రమును మా పాఠకులకు నివేదించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

ముందుగా ప్రశ్నను స్పష్టపఱచెదము. ఒకే జాతి మొక్క సముద్రతీరమునను, మంచుకొండలమీదను పెరుగుచున్నదనుకొందము. తీరమున నది నిలువెత్తుగా నెదిగి ఆలస్యముగా పూచును. కొండమీద జానెడే యెదిగి త్వరగా పూచును. ఈ పొట్టితనము చలివలన నప్పటికప్పుడు కలిగినదా, లేక పుట్టుకతో వచ్చినదా? చలివలన గలిగినదైనచో, కొండమొక్కను క్రిందికి దెచ్చి నాటిన నది పొడుగు కావలెను. పుట్టుకతో వచ్చినదైనచో, ఎచట నాటినను పొట్టిగనే యుండవలెను. కంటితో జూచినంతమాత్రమున ఈ రెంటిలో నేది సత్యమో చెప్పుటకు వీలులేదు. నాటి చూడవలసినదే.

దేశభేదము నోషధులకు ముఖ్యమని మన పూర్వులెఱుగుదురు. చరకసంహిత కల్పస్థానమున జాంగలము, ఆనూపము, సాధారణము అని భూములను మూడు తెఱగులుగా విభజించి, ఎట్టి భూమిలో బెరిగిన మూలికను గ్రహింపవలెనో విధించినారు. కాని అచటనుండి యిచటికి మార్చి నాటినచో నా గుణము నిలుచునా, తొలగునా యనునది వేఱు ప్రశ్న.

ఈ ప్రశ్న యందు మాకు గల ఆసక్తికి చిన్న కారణమొకటి కలదు. కొన్ని యేండ్ల క్రిందట మా పాఠశాల ఆవరణమున నాటుటకు ఒక కార్యాలయము వారు నూఱు మొక్కలను పంపిరి. బాలురు ఉత్సాహముతో నాటిరి. వంతులు వేసికొని నీళ్లు పోసిరి. మఱుసటి వైశాఖమున మూడువంతులకు పైగా ఎండిపోయెను. విచారణకు వచ్చిన యధికారి పిల్లలు శ్రద్ధగా నీళ్లు పోయలేదని వ్రాసికొని పోయెను. అది యసత్యమని మే మెఱుగుదుము. ఆ మొక్కల విత్తనములు ఏ వానకు, ఏ నేలకు అలవడిన చెట్లనుండి వచ్చినవో యెవ్వరును అడుగలేదు. నిజమైన కారణమదియేయని మేము ప్రమాణము చేయజాలము. అడుగవలసిన ప్రశ్న నడుగక బాలురపై దోషము మోపుట మాత్రము మా మనస్సున ముల్లువలె మిగిలిపోయినది.

ఇక చరిత్రకు వత్తము. స్వీడను దేశీయుడగు లిన్నేయసు 1751లో ప్రకటించిన వృక్షశాస్త్ర సూత్రగ్రంథమున, శీతోష్ణములు, నేల, గాలి మున్నగు కారణములచే మాఱిన మొక్కను కేవల భేదమని పేర్కొని, నేల మాఱగనే యది తన పూర్వరూపమును బొందునని చెప్పెను. అనగా నాతని దృష్టిలో జాతియే స్థిరము. ప్రదేశమువలన గలుగు భేదము పైపై వేషము. ఆతని యధికారము గొప్పది గనుక ఈ యభిప్రాయము చాలకాలము చెల్లినది.

అయినను అడవులలో బనిచేయువారికి వేఱొక యనుభవము కలిగినది. ఆ కాలమున ఓడల స్తంభములకు నిటారైన దేవదారుజాతి మ్రాకులు కావలసియుండెను. బాల్టిక్ తీరమున రీగా ప్రాంతమునుండి వచ్చు మ్రాకులు ప్రశస్తములు. ఫ్రాన్సు దేశమున డ్యుహామెల్ అను పండితుడు 18వ శతాబ్దిమధ్యమున వేఱువేఱు దేశములనుండి ఆ జాతి విత్తనములను దెప్పించి పెంచి చూచెను. పిదప 19వ శతాబ్దిలో విల్మొరాన్ వంశీయుడు లే బార్ అను తన భూమిలో అట్టి విత్తనములనే పక్కపక్కన నాటించెను. నేల యొక్కటి, వాన యొక్కటి, పోషణ యొక్కటి. అయినను రీగా విత్తులనుండి వచ్చిన చెట్లు నిటారుగ నెదిగెను. మఱికొన్ని ప్రదేశములనుండి వచ్చినవి వంకరగా నెదిగెను. లిన్నేయసు చెప్పినది నిజమైనచో, ఒక్క నేలలో అన్నియు నొక్కరీతినే పెరుగవలసియుండెను. అట్లు జరుగలేదు. కాని వనపాలకుల మాటను పండితులు లక్ష్యపెట్టుట యరుదు. ఈ యనుభవము శాస్త్రముగా బరిణమించుటకు మఱియొక నూఱేండ్లు పట్టినది.

ఈలోపల ప్రశ్న మఱింత పదునెక్కినది. 1859లో డార్విను గ్రంథము వెలువడినది. జాతులు మాఱుననుట యంగీకృతమైనను, ఎట్లు మాఱుననునది వివాదమయ్యెను. పరిసరములు ప్రాణిని సూటిగా మలచి, ఆ మార్పును సంతతికి సంక్రమింపజేయునని ఒక పక్షము. పుట్టుకలోనే గల భేదములలో నచటి కనువైనవి మిగిలి తక్కినవి నశించునని రెండవ పక్షము. కొండమొక్కలే దీనికి సాక్షులని యుభయులును దలచిరి.

ఆస్ట్రియా దేశీయుడగు ఆంటన్ కెర్నరు 1875 మొదలు తిరోల్ పర్వతములలో బ్లాజర్ శిఖరమున, సుమారు 2,200 మీటర్ల యెత్తున, ఒక తోట నేర్పఱచి, అందు పల్లపు మొక్కల విత్తులను జల్లెను. అనేకములు మంచుకు బలియయ్యెను. మిగిలినవి పొట్టివై, పూలరంగు గాఢమై, కొండమొక్కల పోలిక దాల్చెను. కాని వాని విత్తులను మరల పల్లమున జల్లగా, మొలకలు పూర్వపు రూపముననే పెరిగెను. కొండ నేర్పిన పాఠమును సంతతి మఱచిపోయినదన్నమాట.

ఫ్రాన్సు దేశమున గాస్టన్ బోనియే యిందుకు విరుద్ధమైన ఫలితమును బ్రకటించెను. ఈతని పద్ధతి మెచ్చదగినది. ఒకే మొక్కను రెండు ముక్కలుగా జీల్చి, ఒకదానిని పల్లమునను, రెండవదానిని ఆల్ప్సు, పిరనీసు పర్వతములపైనను నాటెను. రెండును ఒకే బీజమునకు జెందినవి గనుక, కనబడు భేదమంతయు క్షేత్రమువలన గలిగినదే కావలెను. ఇంతవఱకు తర్కము నిర్దుష్టము. కాని 1920లో నాతడు కొన్ని పల్లపు మొక్కలు పర్వతములపై బహుకాలముండి, వేఱుజాతులుగా నెన్నబడు కొండమొక్కలుగనే మాఱిపోయినవని ప్రకటించెను. అమెరికాలో పైక్స్ పీక్ అను పర్వతముపై పరిశోధనాలయము నడపిన ఫ్రెడరిక్ క్లెమెంట్సును, పరిసరములను మార్చి జాతిని జాతిగా మార్చగలిగితినని చెప్పెను. వీరు కీర్తివంతులు, వీరి మాట పాఠ్యగ్రంథముల కెక్కినది.

అదే కాలమున స్వీడనునందు గోటె టురెసన్ నిశ్శబ్దముగా వేఱొక మార్గమున నడచుచుండెను. హైరాసియం అంబెల్లేటం అను పచ్చపూల మొక్క యొకటి యా దేశమున ఇసుకదిబ్బలమీద, సముద్రపు కొండచరియలమీద, అడవులలో, పొలములలో పెరుగును. దిబ్బలమీది దాని యాకులు సన్ననివి, చరియలమీదివి వెడల్పైనవి. టురెసన్ వీనిని వేరుతో బెకలించి తెచ్చి ఒక్క తోటలో పక్కపక్కన నాటెను. దిబ్బ మొక్కకు సన్నని యాకులు, చరియ మొక్కకు వెడల్పాకులు ఏండ్లు గడచినను నట్లే యుండెను. ఇట్లనేక జాతులను బరీక్షింపగా, కొన్ని గుణములు తోట చేరగనే తొలగెను, కొన్ని విడువలేదు. కావున రెండు విధములగు భేదములును ప్రకృతిలో గలవని యాతడు నిరూపించెను. ఒక జాతి వ్యాపించిన మేర అంతయు నొక్కటే సమూహము కాదనియు, ప్రతి యునికిపట్టునకు దగిన జన్మగుణములు గల యుపసమూహముల కూటమియే జాతియనియు 1922లో బ్రకటించి, ఆ యుపసమూహమునకు 'ఇకోటైప్' అని పేరిడెను. మనము దానిని స్థానికకులమని పిలుచుకొనవచ్చును.

ఈ రెండు పద్ధతులలో నొక్కొక్క లోపము కలదు. బోనియే ఒక బీజమును వేఱువేఱు క్షేత్రములలో నుంచెను. టురెసన్ వేఱువేఱు బీజములను ఒక క్షేత్రమున నుంచెను. పూర్ణమైన యుత్తరము కావలెనన్న, అన్ని బీజములను అన్ని క్షేత్రములలో నుంచవలెను. కాలిఫోర్నియాలో కార్నెగీ సంస్థ యాశ్రయమున ఈ మహాకార్యము జరిగినది. దానికి బునాది వేసిన హార్వీ హాల్ 1932లో మరణించెను. ఆతని పిమ్మట ముగ్గురు కలిసి దానిని నడపిరి: వంశశాస్త్రజ్ఞుడగు యెన్స్ క్లౌసెన్, జాతినిర్ణయమున నేర్పరి డేవిడ్ కెక్, శరీరధర్మమెఱిగిన విలియం హీసీ. వారి తోటలు మూడు. స్టాన్‌ఫర్డ్ సముద్రతీర సమీపమున 30 మీటర్ల యెత్తున నున్నది; శీతకాలమునందును మొక్కలు పెరుగును. మాథర్ 1,400 మీటర్ల యెత్తునది. టింబర్‌లైన్ 3,050 మీటర్ల యెత్తున, చెట్లు నిలువలేని చోట నున్నది. అచట వేసవి కొద్ది వారములే, తక్కిన కాలమంతయు మంచు.

వారు తీరమునుండి శిఖరము వఱకు గల మొక్కలను సేకరించి, ఒక్కొక్క మొక్కను మూడు ముక్కలుగా జీల్చి మూడు తోటలలో నాటిరి. పొటెంటిల్లా గ్లాండ్యులోసా యను మొక్క వారికి ప్రధాన సాక్షి. తీరపు కులము స్టాన్‌ఫర్డున శీతకాలమందును పచ్చగా బెరిగెను. దాని తోబుట్టువునే, కాదు, దాని శరీరఖండమునే టింబర్‌లైనున నాటగా మంచుకు జచ్చెను. శిఖరపు కులము టింబర్‌లైనున ఆ చిన్న వేసవిలోనే పూచి కాచెను. దానిని వెచ్చని స్టాన్‌ఫర్డునకు దింపినను, మంచు లేకున్నను, శీతకాలము రాగానే నిద్రించెను. పుట్టినచోటి కాలచక్రమును దాని యొడలు మఱువలేదు. అటులని క్షేత్రమునకు బలము లేకపోలేదు. ప్రతి మొక్కయు మూడు తోటలలో మూడు పరిమాణముల బెరిగెను. ఆకు, కాడ, పూవుకాలము అన్నియు మాఱెను. కాని ఎంత మాఱినను ఒక కులము మఱియొక కులము కాలేదు. ఏండ్ల తరబడి కాచియుండినను, బోనియే చూచితిననిన పరివర్తనము వారికి గనబడలేదు. ఈ ఫలితములు 1940లో గ్రంథరూపమున వెలువడెను. అకిల్లియా యను మఱియొక మొక్కపై జేసిన పరిశోధన 1948లో వెలువడినది. శిఖరములనుండి తెచ్చిన కులములు స్టాన్‌ఫర్డు తోటలోను పొట్టిగనే నిలిచెను.

అట్లయిన బోనియే కట్లు కనబడుటకు గారణమేమి? ఆతడు బుద్ధిపూర్వకముగా నసత్యమాడెనని మేము తలపము. పర్వతములపై తోటలు ఏడాది పొడుగున కాపలాలేక యుండును. నాటిన పల్లపు మొక్క చావగా, చుట్టుపట్ల గల కొండమొక్క విత్తనము అదే పాదులో బడి మొలచినచో, మఱుసటి యేడు వచ్చి చూచినవానికి, నాటినదే మాఱినదని తోచును. చూడగోరినదానిని మనస్సు సులభముగా జూచును. ప్రతిపాదునకు గుఱుతుపెట్టి, కలుపు తీసి, ప్రతిముక్కకు లెక్కవ్రాసిన క్లౌసెన్ మున్నగువారి శ్రమయే యా భ్రమను తొలగించినది. విజ్ఞానమున సత్యమునకును భ్రమకును నడుమ నొక్కొక్కప్పుడు కలుపుతీయు పారయే యడ్డు.

పండితుల భ్రమ యొక తోటతో నాగిన నష్టము కొద్దియే. రాజ్యబలము తోడైనపు డేమగునో రష్యా చరిత్రము చెప్పుచున్నది. పరిసరములను మార్చి గోధుమల జన్మస్వభావమును మార్చగలనని లైసెంకో వాగ్దానము చేసెను. లోకమంతయు దిరిగి, ఒక్కొక్క దేశమున నొక్కొక్క పైరు ఎన్నివిధముల నలవడినదో విత్తనములతో సహా సేకరించిన నికొలాయ్ వావిలోవ్ అది శాస్త్రము కాదనెను. ఆయన 1940లో నిర్బంధింపబడి, 1943లో సరాతోవ్ కారాగృహమున మరణించెను. 1948లో మాస్కోసభ వంశశాస్త్రమునే బహిష్కరించినది. 1965 వఱకు లైసెంకో యధికారము పూర్తిగా దొలగలేదు. బీజమా క్షేత్రమా యను ప్రశ్న పండితుల తీరికవేళ వినోదము కాదనుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

స్థానికకులము లేర్పడుటకు యుగములు పట్టునని తొలుత నెల్లరు తలచిరి. ఆ యూహయు నిలువలేదు. వేల్సు దేశమున పాత సీసపు గనుల చెంత విషపుమట్టిదిబ్బలున్నవి. అగ్రోస్టిస్ అను సామాన్యమగు గడ్డి యా మట్టిపై బెరుగుచుండుట గాంచి, ఆ గడ్డి విషమును సహించు జన్మగుణము గలదని ఆంథొని బ్రాడ్‌షా 1952లో జూపెను. కొన్ని బారల దూరమున, మంచినేలపై బెరుగు అదే గడ్డి యా మట్టిలో బ్రతుకదు. రెండింటి పుప్పొడి గాలిలో గలియుచున్నను, విషము ప్రతితరమున నేరివేయుచుండుటచే భేదము నిలుచుచున్నది. గనులు త్రవ్విన కాలము సృష్టిచరిత్రలో నొక రెప్పపాటు.

మఱియొక నిదర్శనము. కాలిఫోర్నియాలో అడవి ఆవజాతి మొక్క విత్తనములను 1997లో గొన్నిటిని సేకరించి దాచిరి. 2000 మొదలు 2004 వఱకు కఱవు వచ్చినది. 2004లో మరల నచ్చటనే విత్తనములు సేకరించి, రెంటిని పక్కపక్కన నాటి చూచిరి. కఱవు పిమ్మటి తరము ముందుగా పూచినది. తడి యాఱకముందే విత్తు కట్టినవే మిగిలినవి గావున, ఏడేండ్లలోనే సమూహపు స్వభావము మాఱినది. 2007లో ఇది ప్రకటితమైనది. ఇట క్షేత్రమే బీజమును మార్చినదని యనరాదా? అనవచ్చును, కాని ఒక మొక్కను మలచి కాదు, అనేక మొక్కలలో గొన్నిటి నేరి. బోనియేకు దొరకని సూక్ష్మ మదియే.

మనదేశమునకును దీనితో బ్రత్యక్షసంబంధము కలదు. టేకు మన గోదావరి ప్రాంతపు పొడి యడవులలోను పెరుగును. వానలు మెండుగ గురియు మలబారు నీలంబూరులోను పెరుగును. పేరొక్కటియే గాని స్వభావ మొక్కటియని యనుకొనరాదు. డెహ్రాడూను వనపరిశోధనసంస్థలో బనిచేసిన ఛాంపియన్ దొర, విత్తనముల జన్మస్థలము వనపాలనమున కెంత ముఖ్యమో 1933లోనే ప్రత్యేకముగా వ్రాసెను. భూగోళము వేడెక్కుచున్న యీ కాలమున, ఏ విత్తును ఎచటనుండి తెచ్చి ఎచట నాటవలెనను ప్రశ్న మఱింత తీవ్రమైనది. నాటిన మొక్కల సంఖ్యను బ్రకటించు ఫలకములను మేము తఱచు చూచుచున్నాము. విత్తు పుట్టిన యూరిని దెలుపు ఫలకము నొక్కదానిని చూచి యెఱుగము.

తుదకు, మనువు దృష్టాంతమునకు మరల వత్తము. జన్మమే సర్వమని తలచువారు టురెసన్ తోటను జూపి, చూచితిరా యనవచ్చును. అట్టివారు క్లౌసెన్ పరిశోధన 1958 నాటి భాగమును గూడ జూడవలెను. పల్లపు పొటెంటిల్లాను శిఖరపు పొటెంటిల్లాతో సంకరము చేసి, రెండవతరమున నైదువందలకు పైగా మొక్కలను ముక్కలు చేసి మూడు తోటలలోను నాటిరి. కులగుణములని యెన్నబడినవన్నియు విడివిడి యయ్యెను. ఒక్కొక్క మొక్కలో నొక్కొక్క క్రొత్త కూర్పు. ఆ సంకరసంతతిలో మూడు తోటలయందును బాగుగ బ్రతికినవియు గలవు. కులమనునది విడదీయరాని ముద్ద కాదని దీనివలన దెలియుచున్నది. ఇక మొక్కలనుండి మనుష్యులకు ధర్మము లాగుట మా యుద్దేశము కాదు; ఆ పనిచేసిన స్మృతికారుని తప్పును జూపుటయే మా యుద్దేశము.

ఆ తప్పు ఎచటనున్నదో కొంచె మాలోచించిన దెలియును. 1694లో జర్మనీ దేశీయుడగు కమేరారియస్, పుప్పొడి తగులనిదే విత్తు పండదని పరీక్షలతో నిరూపించెను. పుప్పొడి తండ్రి యంశము. అండము తల్లి యంశము. ఆ రెండును గలిసినదే విత్తు. క్షేత్రమన్నది మన్ను, నీరు, ఎండ, గాలి. తల్లి క్షేత్రము కాదు. బీజమున సగము తల్లియే. కావున స్త్రీ క్షేత్రము, పురుషుడు బీజము అను మొదటి వాక్యమే పొలమున నిలువలేదు. దానిపై గట్టిన ధర్మ మెట్లు నిలుచును?

ఈ సంగతి మా తరగతిలో జెప్పినపు డొక బాలిక లేచి, "అయితే మాస్టరుగారూ, ఎండిపోయిన మొక్కలది మా తప్పు కాదా?" యని యడిగినది. ఆమె యన్నలు నాడు నీళ్లు పోసినవారిలో నుండిరి. వారు నీళ్లు పోసిరనియు, తక్కినది పెద్దలు అడుగవలసిన ప్రశ్నయనియు జెప్పితిమి. ఈ వ్యాసము ఆ ప్రశ్నయే.